వయసు వ్రాయని వంశవృక్షాలు

మన సాయంకాలపు తెలుగు తరగతులలో చదువుకొనే పిల్లలకు ఇద్దరు మహనీయుల పేర్లు తప్పక నేర్పుతాము. ఒకరు కందుకూరి వీరేశలింగం పంతులు గారు, మరొకరు గురజాడ అప్పారావు గారు. మొదటివారు సంఘసంస్కర్త అనీ, రెండవవారు ‘కన్యాశుల్కం’ నాటకకర్త అనీ పిల్లలు చక్కగా ఒప్పజెప్పుతారు. పంతులు గారు దేనిని సంస్కరించారు, ఆ నాటకం దేనిని గూర్చినది అని ఒక చిన్నపిల్ల అడిగినప్పుడు మాత్రం పెద్దలం మాట మార్చుతాము. మన పూర్వుల ఆచారాలలో ఆడపిల్లల ఆరోగ్యాన్నీ ఆయువునూ హరించినవి కొన్ని ఉన్నవని చెప్పితే, ఇంత దూరదేశంలో కష్టపడి నిలుపుకొన్న సంస్కృతిపై పిల్లలకు గౌరవం తగ్గుతుందేమో అన్నది మన భయం.

ఆ భయం సహజమే. కాని వైద్యుని పొగడుతూ రోగం పేరు దాచిపెట్టడం ఎంతవరకు సబబు? వీరేశలింగం గారిని గౌరవించాలంటే ఆయన చూచినదానిని మనమూ చూడవలసి ఉన్నది. అందుచేత ఈ వ్యాసంలో ఒకే ఒక్క ఆచారాన్ని, బాల్యవివాహాన్ని తీసుకొన్నాను. అది ఆడపిల్లల దేహాలకు ఏమి చేసినదో, దానిని మనవారిలో మొదట ఎవరు ప్రశ్నించారో, మన పూర్వులతో పాటు అది నటాల్ చెరకు తోటలకు ఎట్లా చేరినదో చెప్పదలచాను.

పెండ్లి ఒకనాడు, కాపురం ఒకనాడు

నేటి పిల్లలకు మొదట తెలియజేయవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆనాటి బాల్యవివాహంలో పెండ్లి వేరు, కాపురం వేరు. బ్రాహ్మణ కుటుంబాలలో ఆడపిల్ల ఈడేరక మునుపే కన్యాదానం జరిగి తీరాలి. లేకపోతే తండ్రికి పాపమనీ, కుటుంబానికి వెలి అనీ నమ్మేవారు. పెండ్లి అయిన పిల్ల కొంతకాలం పుట్టింటనే ఉండేది. ఆమె సమర్తాడిన తరువాత మంచి రోజు చూచి పునస్సంధానం జరిపి అత్తవారింటికి పంపేవారు. ఇతర కులాలలో పద్ధతులు ఊరికొక తీరుగా ఉండేవి. కొందరిలో ఈడేరిన తరువాతనే పెండ్లి జరిగేది. మారుమనువు కూడా చాల కులాలలో ఉండేది. అయితే సంఘంలో పరువు పెంచుకోదలచిన కుటుంబాలు పై కులాల పద్ధతిని చూచి, పెండ్లి వయసు తగ్గించుకొనేవి, మారుమనువు మానుకొనేవి.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదకరమైన నమ్మకం దాగి ఉన్నది. ఆడపిల్ల రజస్వల కావడమే తల్లి కావడానికి దేహం సిద్ధమైనదనడానికి గుర్తు అని అనుకొనేవారు. అది నిజం కాదు. రజస్వల అయిన తరువాత కూడా కొన్నేండ్లపాటు ఆడపిల్ల ఎదుగుతూనే ఉంటుంది. ఎత్తు పెరగడం ఆగిన తరువాత కూడా కటి ఎముకలు ఇంకా విశాలమవుతూ ఉంటాయి. పన్నెండు, పదమూడేండ్ల పిల్ల గర్భం ధరిస్తే, ఆమె తన ఎదుగుదలకు కావలసిన ఆహారాన్నే కడుపులోని బిడ్డతో పంచుకోవలసి వస్తుంది.

దీనికి తోడు డబ్బు వచ్చి చేరినది. ఆడపిల్లను ఇచ్చేటందుకు తండ్రి వరుని వద్ద సొమ్ము పుచ్చుకోవడమే కన్యాశుల్కం. ఇతర కులాలలో దీనికే ఓలి అని పేరు. ఓలి చాలచోట్ల కొద్దిపాటి మర్యాద సొమ్ము. కాని కన్యాశుల్కం కొన్ని అగ్రహారాలలో వ్యాపారమైపోయినది. ఎక్కువ సొమ్ము ఇవ్వగలిగినవాడు సాధారణంగా వయసు మళ్ళినవాడే. భార్య పోయిన వృద్ధునికి పసిపిల్లను కట్టబెట్టితే, ఆమె కాపురానికి పోకముందే విధవ కావచ్చు. అట్లా విధవ అయిన బ్రాహ్మణ బాలికకు తల గొరిగించి, ముతక బట్ట కట్టించి, ఒంటిపూట భోజనం, ఉపవాసాలు విధించేవారు. ఎదిగే వయసులో కడుపునిండ తిండి లేకపోవడం కూడా ఆరోగ్యానికి సంబంధించిన విషయమేనని మనం గమనించాలి.

లెక్క వేయించిన మహారాజు

ఇది ఎంతో కొందరు చేసిన తప్పు అనీ, సామాన్య కుటుంబాలలో లేదనీ ఆనాడు అనేవారు ఉన్నారు. ఈనాడు కూడా ఉన్నారు. అట్టివారికి సమాధానం ‘కన్యాశుల్కం’ నాటకపు మొదటి ముద్రణకు, అనగా 1897 నాటి ప్రతికి, గురజాడ వారు ఇంగ్లీషులో వ్రాసిన పీఠికలో ఉన్నది.

విజయనగరం మహారాజు ఆనందగజపతి వారు విశాఖపట్టణం జిల్లాలో మూడేండ్ల కాలంలో సాధారణ బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన శుల్క వివాహాల పట్టిక ఒకటి తయారు చేయించారు. సొమ్ము పుచ్చుకొన్నామని ఒప్పుకోవడానికి ఎవరూ ఇష్టపడరు కనుక ఆ పట్టిక సంపూర్ణం కాదని గురజాడ వారే చెప్పారు. అయినను అందులోనికి ఎక్కినవి 1,034 వివాహాలు. అంటే సగటున ఏడాదికి 344. పెండ్లికూతుళ్ళలో 99 మందికి ఐదేండ్లు, 44 మందికి నాలుగేండ్లు, 36 మందికి మూడేండ్లు, ఆరుగురికి రెండేండ్లు, ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ ఏడాది పిల్లల వెల 350 నుండి 400 రూపాయలు.

ఈ అంకెలను కూడి చూస్తే ఐదేండ్లు, అంతకు లోపు వయసుగల పెండ్లికూతుళ్ళు 188 మంది అవుతారు. అంటే ఆ పట్టికలో నూటికి 18 మంది. మన తరగతులలో అక్షరాలు దిద్దే పిల్లల వయసు అది.

ఆ పట్టికలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వెల కాదు, వయసు గడి. అంతకు మునుపు ప్రతి ఇంటికి తన ఇంటి పెండ్లి సంగతి మాత్రమే తెలుసు. ‘మన పిల్లకు కొంచెం ముందుగా చేశాము’ అని ప్రతి తండ్రీ అనుకొని ఉంటాడు. వయసులన్నీ ఒకే కాగితం మీదికి ఎక్కిన తరువాత ఆ మాట చెల్లలేదు. ఆచారం అన్న పెద్దమాట వెనుక ఉన్న పసిపిల్లలు ఒక్కొక్కరుగా లెక్కకు వచ్చారు.

దేహం చెప్పిన సాక్ష్యం

చిన్నవయసు గర్భం వలన కలిగే కీడులు వైద్యశాస్త్రంలో స్పష్టంగా ఉన్నవి. ఎదగని కటిలో బిడ్డ తల ఇరుక్కొని, కాన్పు రెండు మూడు రోజులు సాగుతుంది. శస్త్రచికిత్స అందని చోట తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. తల్లి బ్రతికినను, ఆ ఒత్తిడికి మూత్రాశయానికీ ప్రసవ మార్గానికీ మధ్య రంధ్రం పడి, మూత్రం నిలువక కారిపోతూ ఉండవచ్చు. అట్టి స్త్రీని వాసన వస్తున్నదని ఇంటివారే దూరం పెట్టేవారు. రక్తపుపోటు పెరిగి మూర్ఛలు రావడాన్ని మన పల్లెలలో గుర్రపు వాతం అనేవారు. పిన్నవయసు తల్లులకు ఆ ప్రమాదం ఎక్కువ. రక్తహీనత, కాన్పు తరువాత సోకే జ్వరాలు, నెలలు నిండక పుట్టే బిడ్డలు, బరువు తక్కువ బిడ్డలు కూడా ఈ జాబితాలోనివే. నేటికీ ప్రపంచం మొత్తం మీద పదిహేను నుండి పందొమ్మిదేండ్ల బాలికల మరణాలకు ముఖ్య కారణాలలో గర్భధారణ, ప్రసవ సంబంధమైన ఇబ్బందులు ఉన్నవి.

ఇంటింటా ఇవన్నీ జరుగుతూనే ఉన్నను వాటికి పేరు ‘రాత’. ఈ మౌనాన్ని ఛేదించిన సంఘటన తెలుగునాట కాక బెంగాలులో జరిగినది. 1889లో కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే పది, పదకొండేండ్ల పెండ్లయిన బాలిక భర్త కారణంగా కలిగిన గాయాలతో మరణించినది. భర్త ఆమెకంటే ఎన్నో ఏండ్లు పెద్దవాడు. అప్పటి శిక్షాస్మృతి ప్రకారం పదేండ్లు దాటిన భార్యకు రక్షణ లేదు. అందుచేత అతనికి పడినది ఒక ఏడాది కఠిన శిక్ష మాత్రమే. హిందూదేశంలో పనిచేస్తున్న స్త్రీ వైద్యులు తాము ఆస్పత్రులలో చూచిన అట్టి బాలికల స్థితిని వివరిస్తూ వైస్రాయికి వినతిపత్రం పంపారు. ఈ కదలిక ఫలితంగా 1891లో ఆ వయసు పరిమితి పది నుండి పన్నెండుకు పెరిగినది.

అదే కాలంలో బొంబాయిలో రఖ్మాబాయి అనే యువతి, తనకు పదకొండేండ్ల వయసులో జరిగిన పెండ్లిని కాపురంగా అంగీకరించనని న్యాయస్థానంలో నిలిచినది. కాపురానికి వెళ్ళు, లేకుంటే చెరసాలకు వెళ్ళు అని 1887లో తీర్పు వస్తే, చెరసాలకే వెళ్తానన్నది. చివరకు రాజీ కుదిరినది. తరువాత ఆమె లండనులో వైద్యం చదివి తిరిగి వచ్చి, దశాబ్దాల పాటు స్త్రీలకు వైద్యం చేసినది.

రాజమహేంద్రవరంలో ఒక దంపతులు

తెలుగునాట ఈ పోరాటం రాజమహేంద్రవరంలో మొదలైనది. 1848లో జన్మించిన వీరేశలింగం గారు 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను స్థాపించి, కన్యాశుల్కాన్నీ బాల్యవివాహాలనూ అందులో ఎండగట్టారు. స్త్రీల కొరకు ‘సతీహితబోధిని’ అనే పత్రికను నడిపారు. 1881 డిసెంబరు 11న తమ ఇంటనే మొదటి వితంతు వివాహం జరిపించారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారు ఆ కార్యానికి ధనసహాయం చేశారు.

పంతులు గారి పేరు చెప్పినప్పుడు వారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారి పేరు కూడా పిల్లలకు చెప్పాలి. వారిద్దరికీ పెండ్లి జరిగినది బాల్యంలోనే. తమ జీవితంలోనే చవిచూచిన పద్ధతిని వారు ప్రశ్నించారు. వితంతు వివాహాల కాలంలో వెలికి భయపడి వంటవారూ నీళ్ళు మోసేవారూ పని మానివేసినప్పుడు, ఆమె స్వయంగా గోదావరి నుండి నీళ్ళు మోసుకొని వచ్చి, వచ్చినవారందరికీ వండి పెట్టారు. ఇల్లు వదలి వచ్చిన వితంతు బాలికలకు తల్లి అయినది ఆమె. ఆచారాన్ని మార్చినవారు ఉపన్యాసకులు మాత్రమే కాదు, బిందె ఎత్తినవారు కూడా.

గురజాడ వారి నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శింపబడినది. దానిని చూచినవారు గిరీశం మాటలకు నవ్వుకొంటారు. అందులోని అగ్నిహోత్రావధానుల ఇంటిని ఒకసారి నెమ్మదిగా చూడండి. పెద్దకూతురు బుచ్చమ్మను ముందే సొమ్ముకు ఇచ్చారు, ఆమె విధవ అయి పుట్టింట ఉన్నది. రెండవ కూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధానులకు ఇవ్వబోతున్నారు. తల్లి వెంకమ్మ ఆపలేక నూతిలో దూకుతుంది. ఒకే కప్పు క్రింద ముగ్గురు స్త్రీలు, ముగ్గురి ప్రాణాలకూ ముప్పు. హాస్యం క్రింద ఉన్న కథ ఇది. ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’లో ఆయన హాస్యాన్ని కూడా వదలి ఇదే సంగతి చెప్పారు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ దురాచారాన్ని మనకు ఎత్తిచూపినవారు పరాయివారు మాత్రమే కాదు. మన భాషలో, మన ఊళ్ళలో, మన కుటుంబాలలో పుట్టినవారే దానిని ముందు నిలబెట్టి అడిగారు. కనుక ఈ విమర్శ కూడా మన వారసత్వంలోని భాగమే.

చట్టం నడిచిన దారి

1891 చట్టాన్ని వ్యతిరేకించినవారు అందరూ దుర్మార్గులు కారు. పరాయి ప్రభుత్వానికి మన ఇంటి విషయాలలో చట్టం చేసే హక్కు లేదని బాలగంగాధర తిలక్ వంటి దేశభక్తులు వాదించారు. ఆ వాదంలో స్వాభిమానం ఉన్నది. లేనిదల్లా ఆ పిల్ల గొంతు. మహాదేవ గోవింద రానడే వంటివారు చట్టాన్ని సమర్థించారు.

తరువాత 1929లో హరబిలాస్ శారదా ప్రతిపాదించిన బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చినది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవానికి పద్ధెనిమిది ఏండ్లు కనీస వయసు. 1930 ఏప్రిల్ 1 నుండి అమలు. మధ్యలో ఉన్న ఆ ఆరు నెలలలో ఏమి జరిగినదో తెలుసా? చట్టం తగలక మునుపే పని పూర్తి చేయాలని దేశమంతటా వేలాదిగా పిల్లల పెండ్లిళ్ళు చేసివేశారు. చట్టాన్ని మీరితే పెద్ద శిక్ష ఒక నెల సాధారణ కారాగారం, వెయ్యి రూపాయల జుల్మానా. జరిగిన పెండ్లి మాత్రం చెల్లుతుంది. కనుక చాల ఇండ్లలో చట్టం కాగితం మీదనే ఉండిపోయినది. వయసు 1949లో పదిహేనుకు, 1978లో పద్ధెనిమిదికి పెరిగినది. 2006లో ఇంకొక బలమైన చట్టం వచ్చినది. చట్టం దారి చూపుతుంది, నడవవలసినది కుటుంబం.

సముద్రం దాటిన ఆచారం

ఇక మన సంగతి. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మదరాసు నుండి 342 మందితో డర్బను రేవు చేరినది. 1911 వరకు నటాలుకు ఒప్పంద కూలీలుగా వచ్చినవారు 1,52,184 మంది. విశాఖపట్టణం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి వచ్చిన తెలుగువారు వారిలో అనేకులు. మహారాజు పట్టిక వేయించిన జిల్లా నుండే మనలో చాల మంది ముత్తాతలు ఓడ ఎక్కారు. వారు అగ్రహారీకులు కారు, ఎక్కువమంది వ్యవసాయ కులాలవారు, చేతిపనులవారు, కూలీలు. కనుక కన్యాశుల్కం అదే రూపంలో మనకు రాలేదు. వేరే రూపంలో వచ్చినది.

దానికి కారణం అంకెలలోనే ఉన్నది. కూలీలను పంపే నిబంధన ప్రకారం 100 మంది పురుషులకు 40 మంది స్త్రీలు ఉంటే చాలు. అట్లా వచ్చిన స్త్రీలలో భర్తలతో వచ్చినవారితో పాటు, వితంతువులూ, భర్త విడిచినవారూ, ఇంటినుండి తప్పించుకొని వచ్చినవారూ ఉన్నారు. వారిలో కొందరికి ఆ ఓడ, తల గొరిగించుకోవలసిన బ్రతుకు నుండి దారి. వారిని గూర్చి మనం గర్వపడవచ్చు. కాని తోటలలో స్త్రీలు తక్కువై, పెండ్లి కావలసిన పురుషులు ఎక్కువైనప్పుడు, ఆడపిల్ల ఉన్న తండ్రికి అడిగేవారు ఎక్కువయ్యారు. ఓలి పెరిగినది, పిల్ల వయసు తగ్గినది. పసితనంలోనే మాట ఇచ్చుకోవడం, పుచ్చుకొన్న సొమ్ము మీద తగాదాలు రావడం ఆ కాలపు తోటలలో తరచు వినిపించేవి. 1885లో నియమించి, 1887లో నివేదిక ఇచ్చిన రాగ్ కమిషన్ కూడా భారతీయ వివాహాల చిక్కులను విచారించినది.

ఇందులో మనకు ఒక ముఖ్యమైన సంగతి కనిపిస్తున్నది. ఏ శాస్త్రమూ చదవని తోటలలో, ఏ అగ్రహారమూ లేని దేశంలో బాల్యవివాహం మరల మొలిచినది. అనగా దానిని నిలబెట్టినది కేవలం శాస్త్రం కాదు. స్త్రీల కొరత, సొమ్ము, భయం. ఈడేరిన పిల్లను తోటలో ఒంటరిగా ఉంచడానికి తల్లిదండ్రులు భయపడ్డారు. సర్దారులనుండీ యజమానుల మనుషులనుండీ కాపాడుకోవడానికి వారికి తెలిసిన దారి పెండ్లి ఒక్కటే. ఆ తల్లిదండ్రులను నిందించడానికి నాకు మనసు రాదు. అయితే వారి భయానికి మూల్యం చెల్లించినది ఆ పిల్ల దేహం.

ఆ కాలపు తోటలో బాలింతకు విశ్రాంతి కూడా అరుదే. ఊరిలో ఉంటే పురుడు పుట్టింట జరిగేది, తల్లి పత్యం పెట్టేది, నూనె రాసి నీళ్ళు పోసేది. ఇక్కడ చాల మంది పిల్లలకు పుట్టిల్లు అంటే అదే వరుసలోని ఇంకొక గది. స్త్రీలకు జీతమూ బత్తెమూ పురుషులలో సగం. పనికి పోని నాడు అదీ దక్కదు. అనగా కీడు చేసే ఆచారం సముద్రం దాటినది, మేలు చేసే ఆచారం చాలచోట్ల ఒడ్డుననే ఉండిపోయినది.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఉత్తర తీరంలోని ఒక తోటలో పుట్టినది. పెండ్లినాటికి ఆమెకు 13 ఏండ్లని మా మేనత్త చెప్పేవారు. మొత్తం తొమ్మిది కాన్పులు, బ్రతికినవారు ఐదుగురు. మొదటి బిడ్డ పుట్టిన నాడే పోయినది. మా బంధువులు ముచ్చటపడి చేయించిన వంశవృక్షంలో మా తాత ఓడ నంబరు ఉన్నది, ఊరి పేరు ఉన్నది, ఇంటిపేరు ఉన్నది. అవ్వకు ఒక పేరు మాత్రమే ఉన్నది. ఆ నలుగురు బిడ్డలు అసలు లేరు.

మర్యాద వేరు, ఆచారం వేరు

1913 మార్చిలో కేప్ న్యాయస్థానంలో న్యాయమూర్తి సర్ల్ ఇచ్చిన తీర్పు, క్రైస్తవ పద్ధతిలో జరగని వివాహాలు ఈ దేశంలో చెల్లవని చెప్పినది. ఒక్క మాటతో మన తల్లులందరూ భార్యలు కాకుండా పోయారు. అప్పుడు స్త్రీలు సత్యాగ్రహంలోకి వచ్చారు. కస్తూర్‌బా గాంధీ గారు మారిట్జ్‌బర్గ్ చెరసాలలో మూడు నెలలు కఠిన శిక్ష అనుభవించి, బాగా నీరసించి బయటికి వచ్చారు. తమిళ బాలిక వల్లియమ్మ చెరసాలలో సోకిన జ్వరంతో 1914 ఫిబ్రవరిలో 16 ఏండ్ల వయసులో కన్నుమూసినది. ఆ సంవత్సరమే వచ్చిన చట్టం మన వివాహాలను గుర్తించినది.

కస్తూర్‌బా గారికి పెండ్లి జరిగినది పదమూడేండ్ల వయసులో. భర్తకూ అప్పుడు అంతే వయసు. తమ బాల్యవివాహం తప్పని గాంధీ గారు ఆత్మకథలో నిస్సంకోచంగా వ్రాసుకొన్నారు. దీనిలో వైరుధ్యం లేదు. మన వివాహం చెల్లదని పరాయివాడు అన్నప్పుడు దాని మర్యాద కొరకు చెరసాలకు వెళ్ళవచ్చు. అదే వివాహంలో పసిపిల్లకు జరిగిన అన్యాయాన్ని ఇంట్లో కూర్చొని ప్రశ్నించవచ్చు. రెండూ ఒకే గౌరవం నుండి పుట్టినవి.

మారినది, మారవలసినది

ఈ దేశంలో మన ఆడపిల్లల పెండ్లి వయసు పెరిగినది ఎక్కువగా బడి వలన. సంఘాలు పాఠశాలలు కట్టుకొన్నాయి. 1931లో స్థాపితమైన ఆంధ్ర మహాసభ వంటి సంస్థలు భాషతో పాటు చదువు మీద కూడా శ్రద్ధ పెట్టాయి. 1936లో డాక్టర్ గూనం ఎడింబరోలో వైద్యవిద్య ముగించి డర్బనుకు తిరిగి వచ్చి, ఇక్కడి మొదటి భారతీయ స్త్రీ వైద్యురాలుగా పని ప్రారంభించారు. పురుష వైద్యుని వద్దకు పోవడానికి సిగ్గుపడి ఇంట్లోనే బాధపడే స్త్రీలకు చెప్పుకొనే చోటు ఒకటి దొరికినది.

మాతృదేశంలో పని ఇంకా మిగిలి ఉన్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇరవై నుండి ఇరవై నాలుగేండ్ల స్త్రీలలో పద్ధెనిమిది నిండక మునుపే పెండ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3, తెలంగాణలో 23.5, దేశం మొత్తం మీద 23.3. వీరేశలింగం, గురజాడ పుట్టిన గడ్డ దేశపు సగటుకంటే వెనుకబడి ఉన్నది. చిత్రపటానికి దండ వేసే ముందు ఈ అంకె కూడా చదువుకోవాలి. సొమ్ము నడిచే దిక్కు మాత్రం మారినది. ఆనాడు ఆడపిల్ల తండ్రి పుచ్చుకొనేవాడు, ఈనాడు కట్నంగా ఇస్తున్నాడు. పిల్ల పెద్దదయ్యేకొలది కట్నం పెరుగుతుందని తొందరపడే పేద తండ్రులు ఇప్పటికీ ఉన్నారు.

మరి మన ఇండ్లలో మిగిలిన వేడుకలను ఏమి చేయాలి? ఉదాహరణకు సమర్త వేడుక. ఒకప్పుడు అది ‘పిల్ల కాపురానికి సిద్ధం’ అని ఊరికి చాటే ప్రకటన. ఆ అర్థం నేడు మనకు అక్కర లేదు. పిల్లను మూల గదిలో కూర్చోబెట్టి అంటరానిదానివలె చూడటం, బడి మాన్పించడం కూడా అక్కర లేదు. అయితే ఆ రోజులలో పెట్టే చిమ్మిలి, అంటే నువ్వులూ బెల్లమూ దంచి చేసిన ఉండ, ఎదిగే పిల్లకు బలమైన ఆహారం. అమ్మమ్మలూ మేనత్తలూ చుట్టూ చేరి, దేహంలో వచ్చిన మార్పును గూర్చి భయపడవద్దని చెప్పటం మంచిది. వేడుక చేసుకోవాలా వద్దా అన్నది ఆ పిల్లనే అడగవచ్చు. ఏ ఆచారాన్నైనా ఇట్లా విడదీసి చూడవచ్చు. దీనివలన ఎవరి దేహానికి మేలు, ఎవరి దేహానికి కీడు, ఆమెను ఎవరైనా అడిగారా? ఈ మూడు ప్రశ్నలకు నిలిచినది ఉంచుకొందాము, నిలువనిది వదలుకొందాము.

చివరగా చదువరులకు ఒక మనవి. మన కుటుంబాలలో చాల మంది ఓడల జాబితాలు వెదికి వంశవృక్షాలు వ్రాసుకొంటున్నారు. అది మంచి పని. వాటిలో ప్రతి స్త్రీ పేరు ప్రక్కన నాలుగు గడులు కలపండి. పెండ్లినాటి వయసు, మొదటి కాన్పునాటి వయసు, మొత్తం కాన్పులు, బ్రతికిన బిడ్డలు. పెద్ద ముత్తైదువలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని మర్యాదగా, ఓపికగా అడగండి, వారు చెప్పడానికి ఇష్టపడినంతే వ్రాయండి. పిల్లలచేత వ్రాయించితే మరీ మంచిది. తెలుగు అక్షరాలు దిద్దే చేతులు తమ అవ్వల వయసులను కూడా వ్రాస్తాయి. వచ్చే ఉగాదినాటికి కొన్ని ఇండ్లలోనైనా ఆ పట్టిక సిద్ధమైతే, వీరేశలింగం గారెవరని అడిగిన పిల్లకు సమాధానం ఆ పట్టికలోనే దొరుకుతుంది.